అందరూ లేచి నిలబడదాం

కడపలో మా పాట మొదలైన కాసేపటికే కుర్చీలు జరిగిన చప్పుడు వినబడింది. వేదిక మీద నిలబడేవాళ్ళకి ఆ చప్పుడు గిటారు మోతలో కూడా తెలుస్తుంది. ఒకరు లేస్తే పక్కవాళ్ళూ లేస్తారు. చివరి పాట ఖాళీ కుర్చీలకే పాడాను.

తిరిగొస్తూ బస్సులో మా డ్రమ్మర్ తేల్చి చెప్పేశాడు. "కర్నూలు కాలేజీలో గూడా జనం లేచిపోతే ఇంగ నాతో కాదక్కా. పెళ్ళిళ్ళ బ్యాండుకే పోతా." కర్నూల్లో పెళ్ళి బ్యాండు వాయించే ఇంట్లో పుట్టినవాడు. నా పాటల వేగాన్ని అందుకోగలిగినవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. అతను పోతే నా పాటా పోయినట్టే. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

నేను పాడేది పాప్-పంక్. మా ఎర్రగుంట్లలో ఆ మాట చెబితే ఏదో పెట్రోలు బంకు పేరనుకుంటారు. గిటారు మీద నాలుగు కార్డ్స్, తరుముకొచ్చే రైలంత వేగం, ఉన్న కోపమంతా గొంతులో. పాటలు నేనే రాస్తాను, మా యాసలోనే. మా అమ్మ ఒకసారి విని, మాటలు వినబడని పాట ఎవరికోసమే అంది. వినడం చేతకాకపోతే నేనేం చేసేదని విసుక్కున్నాను. కడప జనాన్నీ అలాగే తిట్టుకున్నాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయిందని.

కర్నూలు కాలేజీలో మా వంతు మధ్యాహ్నం వచ్చింది. రేకుల షెడ్డు, ఎండకి పైన రేకులు చిటపటమంటున్నాయి. వేదిక పక్కనే డీజే తన పెట్టెలు సర్దుకుని కూర్చున్నాడు. జనం లేచిపోతే మమ్మల్ని దించి అతన్ని ఎక్కిస్తామని కాలేజీవాళ్ళు ముందే చెప్పారు. మొదటి పాట అయింది. చప్పట్లు లేవు. వెనక వరసలోంచి ఒకడు, "అక్కా, డీజే పెట్టించక్కా" అన్నాడు, మర్యాదగానే. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది. అంతలో కుర్చీ జరిగిన చప్పుడు. దాని వెనకే ఇంకొకటి. డ్రమ్మర్ పుల్లలు ఒళ్ళో పెట్టేసుకున్నాడు.

ఏదో ఒకటి అనాలి. చిన్నప్పట్నుంచీ మా చర్చిలో పాటలు మొదలుపెట్టేది నేనే. చేతిలో మైకుండి బుర్ర పనిచేయనప్పుడు నా నోటికి వచ్చేది ఒకటే మాట.

"దయచేసి అందరూ లేచి నిలబడదాం."

లేవకుండా ఉంటే చాలని వణికిపోతున్నదాన్ని, లేవమని నేనే చెప్పాను. షెడ్డంతా గొల్లుమంది. ఎవరో "ఆమెన్" అన్నారు. కానీ లేచారు. బయటికి పోబోతున్నవాళ్ళు కూడా, ఇదేందో చూద్దామని ఆగారు.

ఇక వెనక్కి తగ్గే దారి లేదు. మా చర్చిలో చదువురాని పెద్దవాళ్ళ కోసం ఒక్కో వరసనూ ముందు మాటగా చెప్పి, తర్వాత పాడిస్తాం. అదే చేశాను. గిటారు ఆపి, నా పాటలో వరసని నింపాదిగా అందించాను.

"యాడికి పోతాండావు పాపా?"

మా వైపు గడప దాటే ప్రతి ఆడపిల్లా రోజూ వినే ప్రశ్న అది. ముందు వరస అమ్మాయిలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"చెప్పను పో, దావ ఇడువు."

ఆ ముక్కని నాకన్నా గట్టిగా అరిచారు. రెండోసారికి మగపిల్లలు ప్రశ్న అందుకుంటే వీళ్ళు జవాబిచ్చారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా భయం పోలేదు. షెడ్డు పాడుతోంది సరే, నా వెనక డ్రమ్ము మోగట్లేదు.

తిరిగి చూశాను. అతను నోరు తెరుచుకుని నావైపే చూస్తున్నాడు.

"ఇన్నాళ్ళూ వాయిస్తాండా గానీ, మాటలు ఇవీ అని నాకిప్పుడే తెలిసిందక్కా," అన్నాడు, పుల్లలు పైకెత్తుతూ. "తర్వాతది గూడా చెప్పు."