ఖాళీ గొట్టాల డబ్బా

ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. అందరికీ ఆయన గొట్టాలాయన. కొండ మీద ఒంటి గదిలో, గాలిలో పాదరసం ఎంతుందో కొలవడం ఆయన ఉద్యోగం.

నేను కింద పట్నంలో, ఆఫీసు మూడో అంతస్తులో ఉండేదాన్ని. ఆయన పంపిన అంకెలను కంప్యూటరుకి అందించి, ఏ గాలి ఎక్కడి పాదరసాన్ని మోసుకొచ్చిందో లెక్కగట్టడం నా పని. స్వతహాగా పుస్తకాల పురుగుని, మనుషులతో చనువు తక్కువ. ఈ వయసులో చదివిన పుస్తకాల పేర్లే గుర్తుండటం లేదు గానీ, ఆయన నోటుపుస్తకంలోని రెండు మూడు వాక్యాలు మాత్రం ఇంకా కంఠతా వచ్చు.

పాదరసం గాలిలో కంటికి కనపడదు. బొగ్గు కాల్చే చోట్ల నుంచి, గనుల నుంచి లేచి నెలల తరబడి తిరుగుతుంది. చివరికి నీళ్ళలోకి, అక్కడి నుంచి చేపల్లోకి దిగుతుంది. దాన్ని పట్టడానికి ఆయన దగ్గర వేలెడు గాజు గొట్టాలుండేవి. వాటిలో బంగారు పూత పూసిన ఇసుక. పంపు గాలిని లాగితే, బంగారం పాదరసాన్ని పట్టుకుని వదలదు. తరవాత మా ప్రయోగశాలలో గొట్టాన్ని వేడి చేస్తే ఎంత పట్టిందో తేలుతుంది.

బంగారంతో గొడవ వద్దని ఆయన పెళ్ళి ఉంగరాన్ని ఇంట్లో మేకుకి తగిలించి పనికి వెళ్ళేవాడు. "ఈయనకి పెళ్ళైందని ఆ మేకుకొక్కదానికే తెలుసు" అనేది ఆయన భార్య. ఆవిణ్ణి నేను వదినా అని పిలిచేదాన్ని.

వారానికోసారి గొట్టం మార్చేటప్పుడు ఆయన ఇంకో గొట్టం మూత తీసి, గాలి లాగకుండానే మళ్ళీ మూసి, తేదీ చీటీ అంటించి, ఒక రేకు డబ్బాలో వేసేవాడు. చేతి వల్లో గది వల్లో ఏమైనా అంటిందేమో తెలియడానికి అది. ఆ ఖాళీ గొట్టాల్ని పరీక్షించడం మా ఆఫీసు ఎప్పుడో మానేసింది. ఇక పంపనక్కర్లేదని ఉత్తరం రాసింది నేనే.

"ఎవరూ చూడనిదానికి ఎందుకన్నయ్యా ఆ శ్రమ?" అని ఒకసారి అడిగాను.

"మీరు చూడకపోతే దానికేం నామోషీ చెల్లెమ్మా? మూత తియ్యడం, మూత పెట్టడం. చెయ్యకపోతే చెయ్యి ఊరుకోదు."

ఆయన ఆ పనిలో చేరిన పదమూడేళ్ళకి, ఒక చలికాలంలో ఆయన అంకెలు ఉన్నట్టుండి పెరిగాయి. మూడు నెలలైనా దిగలేదు. అంత పాదరసం తెచ్చే గాలి ఏ దిక్కునా లేదని నా లెక్క మొత్తుకుంది. లెక్కని నమ్మక, కొండల అవతల ఎవరో ఏదో కాలుస్తున్నారని ఊహించుకుని పటం మీద ఒక నల్లమచ్చ గీశాను. ఆ మచ్చ కింద ఒక ఊరుంది. నేనెప్పుడూ చూడని ఊరు.

మా పెద్దసారు మచ్చని చూసి నవ్వాడు. "అలాంటి గాలే లేదని మీ లెక్కే చెబుతోందిగా. ఈ మూడు నెలలూ తప్పైతే, పాత పదమూడేళ్ళూ సరైనవని ఎవరు చెప్పొచ్చారు? అన్నీ తీసి పారెయ్యండి. ఆ గది కూడా మూసేద్దాం."

ఆ కబురు ఫోనులో చెప్పడానికి నోరు రాక, కొండెక్కాను. అదృష్టం, అది గొట్టం మార్చే రోజు. ఆయన గొట్టాన్ని గడ్డం ఎత్తున పట్టుకుని మూత తీస్తూ, ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. దవడ కదులుతోంది. నేను బల్ల మీది నోటుపుస్తకం తిరగేశాను. అంకెలు పెరిగిన వారం దగ్గర ఇలా ఉంది: "సిగరెట్టు మానేసి ఇవాళ్టికి ఐదు రోజులు. బదులుగా బబుల్‌గమ్ నములుతున్నాను. మా అమ్మాయి సంతోషించింది."

"అన్నయ్యా, ఒకసారి నోరు తెరవండి."

"పళ్ళ డాక్టరువి ఎప్పుడయ్యావు చెల్లెమ్మా?" అని పెద్దగా నవ్వాడు. ఆ నవ్వులోనే కనపడ్డాయి, వెనక దంతాల పుచ్చుల్లో నింపిన నాలుగు వెండి సిమెంట్లు. ఆ సిమెంటులో సగం పాదరసమే. నమిలేకొద్దీ అది ఊపిరిలోకి వస్తుంది.

చెప్పాను. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

"అయితే మూణ్ణెల్లుగా నేను కొలిచింది నా నోటినా?"

అన్నం కారియరుతో అప్పుడే వచ్చిన వదిన గుమ్మంలో ఆగిపోయింది. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీ దొంగ ఏకంగా నోట్లోనే కాపురం పెట్టాడు!"

ఆయన నవ్వలేదు. "పదమూడేళ్ళూ పోయినట్టేనా?" అన్నాడు. గది సంగతి కూడా చెప్పక తప్పలేదు.

కాసేపటికి ఆయనే లేచి, బీరువా అడుగు నుంచి రేకు డబ్బాలు లాగాడు. ఒకటి కాదు, ఏడు. తేదీల వరసలో ఖాళీ గొట్టాలు. "ఇవి పనికొస్తాయేమో చూడు."

వాటిని మా ప్రయోగశాలలో వేడి చెయ్యడానికి నెల పట్టింది. బబుల్‌గమ్ రోజుకి ముందున్న గొట్టాలన్నీ కడిగిన ముత్యాలే. ఆ రోజు తరవాతివాటిలో మాత్రం గాలి లాగకుండానే పాదరసం. మూడు నెలల అంకెలు కొట్టేశాం. పదమూడేళ్ళూ నిలిచాయి. కాగితాలు చూసి పెద్దసారు "గది ఉండనివ్వండి" అన్నాడు.

పటం మీద నల్లమచ్చ నా చేత్తోనే చెరిపాను. అక్కరలేదని నేను రాసినదాన్ని ఆయన మానకుండా చేశాడు గనకే, ఏ పాపమూ ఎరగని ఒక ఊరి మీద నేను మసి పూయలేదు. ఆ తరవాత ఎన్ని లెక్కలు వేసినా, ఆయనకి మనసులో ఒక దణ్ణం పెట్టుకోకుండా మొదలుపెట్టలేదు.

ఆయన ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని ఇంకో పదహారేళ్ళు పనిచేశాడు. నేను కొండెక్కిన మరుసటి వారం ఆయన రాసుకున్న వాక్యం ఇది:

"గొట్టం మార్చాను. ఖాళీ గొట్టం ఒకటి తెరిచి మూశాను. ఈసారి నోరు కూడా మూసుకున్నాను."