ఉట్టి మీది కొత్త కుండ

నా చిన్నప్పుడు, మా ఇంటికి చుట్టాలు రావాలని నేను చేసినన్ని ప్రార్థనలు మా పాస్టరుగారు కూడా చేసి ఉండరు. అది చుట్టాల మీద ప్రేమ అనుకునేరు. కాదు, అన్నం మీద ప్రేమ.

మాది కోడూరు దాటాక హంసలదీవి వెళ్ళే దారిలో, కాలవ గట్టున ఉన్న పేట. రోడ్డుకు అటువైపు రైతుల ఊరు, ఇటువైపు మేమూ, మా తాటాకుల చర్చీ. అమ్మా నాన్నా పొద్దున్నే కూలికి వెళ్ళిపోయేవారు కనుక నేను నాయనమ్మ చేతిలోనే పెరిగాను. మా నాయనమ్మ ఎసరు పెట్టి, బియ్యం కొలిచి, కొలిచిన దాంట్లోంచి ఒక గుప్పెడు వెనక్కి తీసి మూలనున్న చిన్న బానలో పోసేది. అలా గుప్పెడు బియ్యం దాచి చర్చికి ఇవ్వడం పేటలో అందరికీ అలవాటే. మా నాయనమ్మ చర్చికిచ్చేది వేరుగా ఇచ్చేది. ఈ బాన మాత్రం గడపలోకి వచ్చే మనిషి కోసం. దేవదూత ఏ వేషంలో వస్తాడో మనకేం తెలుసు, వచ్చినవాడితో అన్నం లేదనే మాట మన నోట రాకూడదు అనేది.

దేవదూత సంగతి ఏమోగాని, ఆ గుప్పెడు తగ్గేది నా కంచంలోనే అని నాకు గట్టి నమ్మకం. నేను మూతి ముడుచుకుంటే ఆవిడ నాకు ఒక మాట ఇచ్చింది. బాన మూత తీసిన రోజున వచ్చినవాళ్ళతో పాటు మనమూ అందులోంచే కడుపునిండా తింటాం, నిన్ను చుట్టం పక్కనే కూర్చోబెడతాను అని. నా ప్రార్థనల వెనకున్న భక్తి అదీ. రోజూ బానలోకి తొంగిచూసి, ఎంత నిండిందో చూసుకుని మురిసిపోయేదాన్ని.

బానకు పైన, ఉట్టిలో ఒక కొత్త కుండ ఉండేది. మా వంటకు దాన్ని ఎప్పుడూ దింపలేదు. ఎందుకని అడిగితే అదీ చుట్టాలకే అనేది. చుట్టాలకు మన కుండలో వండితే ఏమవుతుందో నాకు అర్థమయ్యేది కాదు. ఆవిడా చెప్పలేదు.

ఆ ఏడు మాఘ పౌర్ణమికి సముద్ర స్నానాలకు బళ్ళు బారులు కట్టి వెళ్ళాయి. మర్నాడు తిరుగుదారిలో ఒక గూడుబండి సరిగ్గా మా ఇంటి ఎదురుగా ఇరుసు విరిగి ఆగిపోయింది. అవనిగడ్డ వైపు రైతుల కుటుంబం. మగవాళ్ళు వడ్రంగిని తీసుకురావడానికి కోడూరు నడిచి వెళ్ళారు. ఒక పెద్దావిడ, ఆవిడ కోడలు, ముగ్గురు పిల్లలు రోడ్డు పక్క తుమ్మచెట్టు కింద కూలబడ్డారు. కట్టుకొచ్చిన పులిహోర ముందురోజే అయిపోయిందట. ఎండ నడినెత్తికొచ్చేసరికి చిన్న పిల్ల ఏడుపు అందుకుంది.

నా ప్రార్థన ఫలించింది! నాయనమ్మ బాన మూత తీస్తుంటే నేను పరుగున వెళ్ళి చాప పరిచాను. ఎవరెవరు ఎక్కడ కూర్చోవాలో కూడా అనుకున్నాను. ఆ ఏడుస్తున్న పిల్ల నా పక్కన.

నాయనమ్మ చాప వైపు ఒకసారి చూసి, ఉట్టిలోంచి కొత్త కుండ దింపింది. బానలో బియ్యమంతా చేటలోకి వంచింది. ఇంత కందిపప్పు, చింతపండు, ఉప్పు, దడి పక్కన కోసిన నాలుగు వంకాయలు కూడా పెట్టి, నా చంకలో పుల్లల మోపు ఇరికించి రోడ్డు మీదికి నడిచింది. వాళ్ళకు దూరంగా ఆగి అన్నీ నేల మీద పెట్టింది.

"పసిబిడ్డలు ఆకలికి ఆగలేరు అమ్మగారూ. మీరే వండుకోండి. కుండ కొత్తది, మా పొయ్యి ఎరగదు."

పెద్దావిడ మమ్మల్ని ఎగాదిగా చూసింది. చర్చి మీద సిలువను చూసింది. పిల్ల మళ్ళీ ఏడ్చింది. "సరే, నువ్వు అవతలికి పో" అంది. మా నాయనమ్మ ఆవిడకంటే పెద్దది. మేము వెనక్కి తగ్గాక కోడలు వచ్చి, అన్నిటి మీదా నీళ్ళు చిలకరించి తీసుకుంది.

అప్పుడు అర్థమైంది నాకు, ఉట్టి మీది కుండ ఎందుకో. మేము వండింది వాళ్ళు తినరు. మేము పండించి, దంచి, చెరిగిన బియ్యం తింటారు.

నేను గడపలో కూర్చుని చూస్తూ ఉండిపోయాను. మూడు రాళ్ళ మీద మా బియ్యం ఉడికింది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. విస్తరాకులు వేసుకుని వాళ్ళు తిన్నారు. నా వెనక ఇంట్లో చాప పరిచే ఉంది.

తిన్నాక పెద్దావిడ మా నాయనమ్మను కేకేసింది. "ఇదిగో, కాస్త మిగిలింది. పట్టు." నాయనమ్మ మా సత్తు గిన్నె తీసుకెళ్ళి నేల మీద పెట్టి పక్కకు జరిగింది. ఆవిడ కుండకు గిన్నె తగలకుండా పైనుంచి వంచింది. సగం గిన్నెలో పడింది, సగం మట్టిలో పడింది. నన్ను చూసి, "పాపం, పిల్ల ఎండుకుపోయి ఉంది. ఎప్పుడు తిందో ఏమో. దానికి పెట్టు" అంది.

జాలిగానే అంది. అదే నేను మరిచిపోలేనిది. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

"మీ దయ అమ్మగారూ" అంది మా నాయనమ్మ.

ఇంట్లోకొచ్చి ఆ అన్నం నా కంచంలో పెట్టింది. నేను కంచం తోసేశాను. "మన బియ్యం మనకే ముష్టి వేసింది. నువ్వు దయ అన్నావు" అని అరిచాను. ఆవిడ నన్ను కొట్టలేదు. కంచం తన ముందుకు లాక్కుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని తినడం మొదలుపెట్టింది.

"అన్నానికేం తెలుసే, ఎవరి చేతిలోంచి పడిందో" అంది. రెండు ముద్దలు తిన్నాక నా వైపు తిరిగింది. "పక్కన కూర్చుని తినాలని నీకొక్కదానికే ఉందా? నాకు లేదూ?"

అంతే. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. పొద్దు వాలేలోగా బండి బాగై వెళ్ళిపోయింది. కుండను తుమ్మచెట్టు మొదట్లో బోర్లించి వెళ్ళారు. నాయనమ్మ దాన్ని తోమి మా వంటకు పెట్టుకుంది. తరవాతి సంతలో కోడిగుడ్లు అమ్మి, మరో కొత్త కుండ తెచ్చి ఉట్టిలో పెట్టింది.

నేను దుడ్డుకర్రతో దాన్ని పగలగొట్టాను. ఇన్నేళ్ళైనా అందుకు నాకు పశ్చాత్తాపం లేదు. నాయనమ్మ పెంకులన్నీ ఏరి పారబోసింది. ఎందుకు పగలగొట్టావని అడగలేదు, తిట్టలేదు. ఆ పై సంతలో ఇంకో కొత్త కుండ తెచ్చింది. ఆవిడ చెంప మీద ఒక్కటి ఇచ్చినా నాకు అంత మంట పుట్టేది కాదు.

చర్చిలో ఇప్పటికీ పాతవాళ్ళు ఆవిడ ఆతిథ్యాన్ని గురించి సాక్ష్యం చెబుతారు, కన్నీళ్ళు పెట్టుకుంటారు. నన్నూ లేచి చెప్పమంటే నేను లేవను. ఆవిడ ప్రేమ గొప్పదే. ఆ ప్రేమ అంతగా వంగవలసి రావడం గొప్పేమీ కాదు. ఈ రెండో మాట చెబితే వాళ్ళకు నచ్చదు.

ఉద్యోగం చేసి, రిటైరై, ఇప్పుడు బందరులో పెద్దాసుపత్రికి దగ్గర్లో ఉంటున్నాను. దివిసీమ ఊళ్ళ నుంచి రోగులతో వచ్చేవాళ్ళకు నా ఇల్లు తెలుసు. నాగాయలంక నుంచి వచ్చే చేపల వాళ్ళు, పొలాల వాళ్ళు, మా పేటల వాళ్ళు, ఎవరొచ్చినా వంటింట్లో నేల మీద బంతి వేస్తాను. ఒకటే గిన్నె. వాళ్ళ పక్కనే నా కంచం. చాలామంది హాయిగా తింటారు. కొంతమంది గోడ మీద సిలువ చూసి, ఇప్పుడే తినొచ్చామండీ అంటారు. వాళ్ళ కళ్ళ కింద ఆకలి నాకు కనిపిస్తూనే ఉంటుంది.

మొన్నామధ్య ఒక పెద్దావిడ వచ్చింది. కొడుక్కి ఆపరేషను, పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదట. కంచం పెట్టాను. ఆవిడ నిలబడే ఉంది.

"ఏమీ అనుకోకండమ్మా, మాకు కాస్త పట్టింపు. కొత్త గిన్నె ఏదైనా ఉంటే ఇప్పించండి, నేనే ఇంత ఉడకేసుకుంటాను."

"మా ఇంట్లో అందరికీ ఒకటే గిన్నెండీ. నేనూ అందులోదే తింటాను. కూర్చోండి" అన్నాను.

ఆవిడ కూర్చోలేదు. చెప్పులు వేసుకుని ఎండలోకి వెళ్ళిపోయింది. మా నాయనమ్మైతే ఆ మనిషిని పస్తు పంపేది కాదు. నేను పంపాను. మళ్ళీ వచ్చి అడిగినా ఇదే మాట చెబుతాను. కానీ ఎదురుగా ఆవిడకని పెట్టిన కంచం అలాగే ఉంటే, నాకూ ముద్ద దిగలేదు.

సాయంత్రం బియ్యం కొలుస్తుంటే, నా చెయ్యి దానంతటదే ఒక గుప్పెడు వెనక్కి తీసి వేరే డబ్బాలో పోసింది.