తలుపు పైన మట్టిగూళ్లు

జమ్మలమడుగులో మేము అద్దెకున్న ఇంటి ఓనరు పెద్దమ్మ కందిరీగలను ఎవరినీ కొట్టనిచ్చేది కాదు. అవి మట్టి తెచ్చి తలుపు పైన గూడు కడుతుంటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కదలకుండా చూసేది. సున్నం కొట్టే మనిషికి ఏటా ఒకటే మాట చెప్పేది.

"వాటి జోలికి పోవాకప్పా. కట్టుకోనీ."

కందిరీగ మట్టిగూడు పెట్టిన ఇంట్లో ఆడమనిషి నీళ్లోసుకుంటుందని ఆమె నమ్మకం. ఆమెకు అరవై దాటాయి. పిల్లలు లేరు. ఆమె తలుపు పైన మాత్రం ఎప్పటివో ఎండిన గూళ్లు వరసగా ఉండేవి. నాకు లోపల నవ్వొచ్చేది.

నాకు పెళ్లయిన చాలా ఏళ్లకు మా గది తలుపు పైనా ఒక గూడు లేచింది. "చూస్తాండావా పాపా, నీ కోసమే కడతాండాది" అంది. అన్నట్టే నేను నీళ్లోసుకున్నాను. అప్పట్నుంచి నన్ను బిందె ముట్టుకోనివ్వలేదు.

ఐదో నెలలో బిడ్డ పోయింది.

ఆస్పత్రి నుంచి వచ్చి ఆటో దిగేసరికి, ఆమె మా గడప ముందు స్టూలెక్కి అట్లకాడతో ఆ గూడు గీకేస్తోంది. మట్టి నెత్తిన రాలుతున్నా ఆగలేదు.

"అబద్దాల పురుగులు పాపా ఇవి. నువ్వు ఈపక్క చూడాకు."

ఆ ఏడు సున్నం కొట్టేటప్పుడు మా గోడ దగ్గర ఆమె ఏమీ అనలేదు. తన తలుపు దగ్గరికి బ్రష్షు వచ్చేసరికి మాత్రం, నాకు వినబడకూడదని గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"వాటి జోలికి పోవాకప్పా."