నల్లబల్ల మీద రాయని తేదీ

సుబ్బారావు రాజమండ్రిలో లా చదివాడు గానీ నల్లకోటు వేసుకునే యోగం లేకపోయింది. ఖతార్ దేశం అల్ రయ్యాన్‌లో ఒక కంపెనీ క్యాంపుకు టైమ్‌కీపర్‌గా వచ్చి పడ్డాడు. చదివిన చదువు ఊరుకుంటుందా? రోజూ పొద్దున్నే మెస్ గుమ్మం పక్క నల్లబల్ల మీద, ఈ తేదీన ఏ దేశంలో ఏ చట్టం పుట్టిందో, ఏ సైన్యం ఎవరి మీద పడిందో రాసేవాడు. చూసేవాళ్లు తక్కువ. నిజామాబాద్ నుంచి వచ్చిన కూలీ లింబాద్రికి చదువు రాదు, అయినా లడాయిల ముచ్చట చెప్పించుకోనిదే కదలడు. ఆ నాలుగు మాటలే సుబ్బారావుకు రోజంతటికీ తోడు.

1976 సెప్టెంబర్ పదిహేడు, శుక్రవారం. "అమెరికా రాజ్యాంగంపై సంతకాలు, 1787. నిజాం సైన్యం లొంగుబాటు, 1948" అని రాశాడు. మూడోది రాయలేదు. కిందటేడు అదే తేదీన తల్లి ఇందిరాదేవి పోయింది. ఒక్కగానొక్క కొడుకు. టెలిగ్రాం ఆ సాయంత్రమే అందినా సెలవు దొరకలేదు, కొరివి మేనమామ పెట్టాడు. కనీసం సంవత్సరీకమైనా తన చేత్తో చెయ్యాలని నజ్మా బజారులో నల్లనువ్వులు కొని నెల రోజులుగా దాచుకున్నాడు.

స్నానం చేసి, తడిపంచెతో గది బయట కూర్చోబోతుంటే స్టోర్‌కీపర్ ఫరీదుద్దీన్ వచ్చాడు. కరీంనగర్ మనిషి.

"ఏంది సారూ, జుమ్మా రోజు గింత పొద్దుగాల్నే?"

"అమ్మ ఆబ్దికం, ఫరీద్ భాయ్. ఇవాళ్టికి సరిగ్గా ఏడాది."

ఫరీదుద్దీన్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "మీ టెలిగ్రాం అచ్చిన్నాడు నాకు రంజాన్ల పదకొండో రోజా. రోజా ఇడిసి నేరుగ మీ తానకే అచ్చిన, యాదికుంది. మీ దినాలు గూడ చంద్రున్ని వట్టే గద సారూ? ఈసారి గా రోజా పోయి పదకొండు దినాలాయె."

సుబ్బారావు చేతిలోని నువ్వుల పొట్లం కింద పెట్టాడు. తద్దినం తిథికి పెట్టాలని పసిపిల్లాడికీ తెలుసు. పంచాంగం దొరకలేదన్నది సాకు. లోకంలోని యుద్ధాలన్నీ తేదీలతో కంఠతా పట్టిన మనిషి, కన్నతల్లిని కూడా ఆ వరసలోనే రాసి పెట్టుకున్నాడు. పదకొండు రోజుల కిందట ఏం చేశాడో గుర్తుచేసుకున్నాడు. సెప్టెంబర్ ఆరు, 1965లో లాహోర్ వైపు మన సైన్యం కదిలిన రోజు. పెద్దక్షరాలతో రాసి, లింబాద్రికి కథంతా చెప్పి, హుషారుగా కడుపునిండా తిన్నాడు. అమ్మ ఆ రోజే వచ్చి, ఆకలితో వెనక్కి వెళ్లిపోయింది. ఆ మాట తట్టగానే ఏడుపు ఆపుకోలేకపోయాడు.

ఫరీదుద్దీన్ కాసేపు పక్కన కూర్చుని వెళ్లాడు. సుబ్బారావు లేచి బల్ల తుడిచేశాడు.

లింబాద్రి వచ్చి ఖాళీ బల్ల చూశాడు. "ఇయ్యాల ఏ లడాయి కాలేదా సారూ?"

"లేదు లింబాద్రీ. అన్నీ ఎప్పుడో అయిపోయాయి."