కోతల నెలలో సూర్ ప్రయాణం

వనపర్తి బస్టాండుకు ఎదురుగా, మెట్లెక్కి పోయే ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసు ఉంది. కిందటి నెల అక్కడ కూర్చుని, నా బిడ్డకంటే చిన్నదైన ఒక అమ్మాయి కంప్యూటరులో ఒమాన్ దేశం తెరిచి చూపిస్తూ చెప్పే మాటలు విన్నాను. జూన్, జూలైల్లో వెళితే మాడిపోతారని, డిసెంబరు వచ్చిందంటే టూరిస్టులు ఎగబడి హోటళ్ళు దొరకవని, అందుకని ఎండ మెత్తబడి, రద్దీ ఇంకా మొదలుకాని ఆ మధ్య రోజుల్లో, అంటే అక్టోబరు చివర, వెళ్ళడం మంచిదని ఆ పిల్ల ఓపికగా వివరించింది. నేను తలూపుతూ కూర్చున్నానే గాని, ఆ దేశంలో ఏడు ఎండాకాలాలు గడిపానని చెప్పడానికి ఎందుకో నోరు రాలేదు.

నాది గద్వాల. మా నాయిన చీరలు నేసేవాడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని దినమంతా కూర్చోవడం నా వల్ల కాక, కుట్టుపని నేర్చుకుని, పెళ్ళయిన నలభై రోజులకే ఇల్లాలిని మా అమ్మ దగ్గర వదిలి, ఒమాన్‌లో సముద్రం ఒడ్డున ఉండే సూర్ అనే ఊళ్ళో ఒక దర్జీ దుకాణంలో చేరాను. అక్కడి మగవాళ్ళు పాదాల దాకా తెల్లటి అంగీ తొడుగుతారు. దాని మెడ దగ్గర చిన్న కుచ్చు వేలాడుతుంది, దానికి అత్తరు అద్దుకుంటారు. చీర కొంగుకు కుచ్చులు వేసే ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి ఆ పని నా చేతికి తొందరగానే వచ్చింది. యజమాని మంచివాడు. కాని ఆ ఊళ్ళో మాట్లాడుకోవడానికి నాకున్నది ఒక్క మనిషి.

ఆయనది కల్వకుర్తి దగ్గర పల్లె. ఇండ్లు కట్టే మేస్త్రీ, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. చుట్టరికం ఏమీ లేదు, కులాలు కూడా వేరే, అయినా మా పాలమూరు జిల్లా మాట వినబడిన మొదటి రోజే నేను బావా అన్నాను, ఆయన బామ్మర్దీ అన్నాడు. పన్నెండు మందిమి ఉండే గదిలో మా ఇద్దరి చాపలు పక్కపక్కనే ఉండేవి. శుక్రవారం పొద్దు వాలినాక సముద్రం దగ్గరికి నడిచిపోయి, ఒడ్డున కడుతున్న పెద్ద చెక్కపడవల నీడలో కూర్చుని, మా గద్వాల పక్కనుండే ఇటిక్యాల చేన్లలో వేరుశనగ పీకే రోజుల గురించి నేను, తన ఊరి కంది చేన్ల గురించి ఆయన చెప్పుకునేవాళ్ళం. ఒక అక్టోబరు నెలలో, గాలి మొదటిసారి కాస్త చల్లబడ్డ సాయంత్రం, టోపీలు పెట్టుకున్న విదేశీ దంపతులు ఇద్దరు ఆ పడవలకు ఫోటోలు తీసుకుంటుంటే మేము నోరు తెరుచుకుని చూశాం. ఈ ఎండల దేశానికి ఎవరైనా కావాలని వస్తారని అంతవరకు మాకు తోచలేదు. అప్పుడు బావ, "మనం గూడ ఒకపారి గిట్ల రావాలె, పనికి గాదు, ఊకెనే చూడనీకి," అన్నాడు. ఆ మాటకు ఇద్దరం నవ్వుకున్నాం.

రెండేళ్ళకు నాకు సెలవు దొరికింది. టికెట్ వచ్చింది. సరిగ్గా మూడు రోజుల ముందు, జూన్ నెల ఎండలో, బావ పని చేసేచోటే సొమ్మసిల్లి పడిపోయాడు. దవాఖానకు పోయి చూస్తే పెదవులు పగిలి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక నాలుగు దినాలు ఆగి పోరాదు బామ్మర్దీ? ఈడ అందరు అరబ్బీల మాట్లాడుతుండ్రు, నాకేమైందో గూడ నాకు తెలుస్తలేదు."

టికెట్ తేదీ మార్చవచ్చని మా యజమాని తనంతట తానే చెప్పి ఉన్నాడు. అయినా రెండేళ్ళుగా గోడమీద గీతలు గీసుకుంటూ లెక్కబెట్టిన రోజు చేతికందేసరికి, నలభై రోజుల ఇల్లాలి ముఖం కళ్ళముందు కదులుతుంటే, నా నోట అబద్ధం వచ్చింది.

"చెల్లె లగ్నం ఎనిమిది దినాలల్ల ఉన్నది బావా. నేను పోకుంటె నడువది."

ఆయన నా చెయ్యి వదిలి, "అయితే పో. పైలంగ పో," అన్నాడు. నేను తిరిగి వెళ్ళేసరికి ఆయన పని మార్చుకుని వేరే ఊరికి వెళ్ళిపోయాడు. పక్క చాప మీద ఎవరో బెంగాలీ పడుకుంటున్నాడు. ఆ తర్వాత ఐదేళ్ళు నేను శుక్రవారాలు సముద్రం దగ్గరికి పోలేదు.

తిరిగి వచ్చాక వనపర్తిలో దుకాణం పెట్టుకున్నాను. ఇక్కడినుంచి కల్వకుర్తి ఏమంత దూరం, నాగర్‌కర్నూల్ మీదుగా మూడు గంటల బస్సు. సముద్రాలు దాటి పోయి వచ్చినవాణ్ణి ఆ మూడు గంటల దారి ముప్పై ఐదేళ్ళు పోలేకపోయాను. రెండేళ్ళ కింద మా ఇంటావిడ పోయింది. చూపు మందగించి దుకాణమూ మూసేశాను. మాట్లాడే మనిషి లేని ఇంట్లో పొద్దస్తమానం కూర్చుంటే ఆ ఊరు, ఆ పడవలు, ఆ గాలి ఒకటే గుర్తుకు రాసాగాయి. ట్రావెల్స్ అమ్మాయి ఎంతమందని అడిగితే, వారం రోజుల్లో చెబుతానన్నాను.

మర్నాడే కల్వకుర్తి బస్సెక్కాను. ఆయన పల్లెలో అడిగితే పొలం చూపించారు. బావ పొలం గట్టుమీద కట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాలువ నీళ్ళు వచ్చాక కంది చేను కాస్తా వరిమడి అయింది. దగ్గరికి పోయి నిలబడితే ఒక్క నిమిషం పరీక్షగా చూసి, "బామ్మర్దివేనా? ఎంత ముసలోనివైతివి," అన్నాడు. ఇంటికి తీసుకుపోయి జొన్నరొట్టె, పుంటికూర పెట్టించాడు. చెయ్యి కడుక్కున్నాక ఇక దాచుకోలేక, "ఆ దినం నీకు అబద్ధం చెప్పిన బావా. ఎనిమిది దినాలల్ల ఏ లగ్నం లేకుండె," అన్నాను.

"నాకు తెల్సు. శ్రావణంల పెట్టుకున్నమని మీ నాయిన రాసిన ఉత్తరం నాకు సదివి చెప్పింది నువ్వే గద."

నాకు ఆ సంగతే జ్ఞాపకం లేదు. వచ్చిన ప్రతి ఉత్తరమూ ఆయనకు చదివి వినిపించేవాణ్ణి. అదీ చదివి ఉంటాను. కోపం రాలేదా అని అడిగాను.

"రాకేం. పందొమ్మిది దినాలు పండుకున్న ఆడ. నీ ముఖం చూడొద్దనే జాగ మారిన. ఒక రెండు మూడేండ్లకు కోపం పోయింది. అటెన్క నువ్వొస్తవేమోనని శాన ఏండ్లు చూసిన. ఆ ఆశ గూడ పోయింది."

ఆయన ఆ మాట మామూలుగానే అన్నాడు. నేను ప్రయాణం సంగతి చెప్పి, తననూ రమ్మన్నాను. అక్టోబరు ఆఖరంటే వరి కోతలని, పైగా ఆ ఎండ చూసింది తనకు చాలని, నన్ను పోయి రమ్మని అన్నాడు. రోడ్డుదాకా వచ్చి, బస్సు వచ్చేవరకు కల్వర్టుమీద నా పక్కనే కూర్చున్నాడు. బస్సెక్కే ముందు ఆయన నంబరు నా ఫోనులో ఎక్కించుకున్నాను.

ఒక్క టికెట్టే తీశాను. నాగర్‌కర్నూల్‌లో ఉండే నా బిడ్డ ఫోనులో సూర్ ఊరి వీధులన్నీ చూపించింది; దర్జీ దుకాణం ఉన్నచోట ఏదో అద్దాల మేడ లేచింది. అప్పట్లో ఒక ఉత్తరం రావడానికి పదిహేను రోజులు పట్టేది, వచ్చిన ఉత్తరాన్ని గదిలో పన్నెండు మందీ విని తమ ఇంటిదే అన్నట్టు సంతోషపడేవాళ్ళు. ఇప్పుడు బావ నంబరు కూడా నా ఫోనులో ఉంది. ఎప్పుడైనా చెయ్యవచ్చు. మూడుసార్లు తీసి చూసుకున్నాను గాని, చేసి ఏం చెప్పాలో తోచక మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. అప్పట్లో నేను తిరిగి వచ్చే తేదీ గద్వాలలో మా వీధి వీధంతటికీ తెలిసి ఉండేది. ఈసారి తిరుగు ప్రయాణం ఏ రోజుకు పెట్టమంటారని ట్రావెల్స్ అమ్మాయి అడిగితే, నీకు ఎట్ల వీలైతే అట్ల పెట్టమ్మా అన్నాను.