అత్త కీళ్లకు ఇత్తడి వైద్యం

మేనత్త మోకాళ్లు బాగుచెయ్యబోయి, నా పెళ్లి మాటలకొచ్చిన పెద్దల్ని పెరట్లో వరుస కట్టించిన ఘనుణ్ణి నేను. మీరూ నవ్వుకోండి. మా ఇంట్లో నలభై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

డెబ్భైల చివర్లో జంషెడ్‌పూర్‌లో ఒక కార్ఖానాలో నా పని, ఇనుప దూలాల మీద తుప్పు గోకి రంగు పూయడం. అదే ఊళ్లో భుయ్యాడీహ్ పేటలో ఉండే మా మేనత్త అప్పలనర్సమ్మకి కీళ్లవాతం. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయేవి, మోకాళ్లు వాచిపోయేవి. ఆవిడ కూతురు వరాన్ని చేసుకోవాలని నా ఆశ. అత్తేమో, "ఆడికి బుర్ర నేదు, పిల్లనెలాగిత్తాను?" అని వాడంతా చెప్పేది.

సరే, బుర్ర చూపిద్దామని అత్తని రిక్షాలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. "మందులు మానకండి. తిండిలో రాగి, జింకు లాంటి ఖనిజాలు కూడా అందాలి. అవి ఒంటికి తుప్పు పట్టకుండా కాస్తాయనుకోండి" అన్నారాయన. తుప్పు అన్న మాట చెవిన పడ్డాక, ఆయన చెప్పిన మిగతాదేదీ నా బుర్రకెక్కలేదు. తుప్పు సంగతి నాకొకరు చెప్పాలా?

రాగీ జింకూ కలిస్తే ఇత్తడి. అత్త చారు కాచేదే ఇత్తడి గిన్నెలో. మరి ఇన్నాళ్లూ గుణమెందుకు కనబడలేదంటే, లోపల కళాయి పూత అడ్డం. అత్తని ఒప్పించడానికి మా పెద్దలొచ్చే రోజు పొద్దున్నే కార్ఖానా గోకుడు పరికరంతో గిన్నె ముందు కూర్చున్నాను.

"ఏటి సేత్తన్నావురా?" అంది అత్త.

"కళాయి గోకేత్తన్నానత్తా. నీ మోకాళ్ల మందు దీని ఎనకాలే ఉంది."

"కళాయి నేకపోతే పులుపుకి సిలుమెక్కిపోద్ది కదరా."

"అది పాతకాలం మాట. ఇది సైన్సు."

సైన్సనేసరికి అత్త చింతపండు నానబెట్టడానికి లేచింది. వరం మాత్రం, "పక్కా హై నా, బావా?" అంది. "పక్కా" అన్నాను. ఖనిజం బాగా దిగాలని చింతపండు రెండింతలు వెయ్యమని చెప్పి, చారు మధ్యాహ్నం దాకా ఆ గిన్నెలోనే ఉంచాను.

పెళ్లి మాటలకి బారిడీహ్ పేట నుంచొచ్చిన మా పెద తాత విస్తట్లోకి చూసి, "సారు పచ్చగుందేట్రా?" అన్నాడు.

"కరివేపాకు, తాతా."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా మందుకి తిన్న అన్నమంతా బయటికొచ్చింది. పావుగంటలో తాత, ఇద్దరు మావయ్యలు, అత్త, నేను, అందరం పెరట్లో వాంతులే. వరం ఇంకా భోజనానికి కూర్చోలేదు కాబట్టి చెంబుతో నీళ్లందిస్తూ, "పక్కా?" అని నన్నొక్కణ్ణే అడుగుతోంది. భయంతో, సిగ్గుతో నేను చచ్చిపోయాను.

డాక్టరుగారు వచ్చి అందరికీ మందులిచ్చి నా వైపు తిరిగారు. "నువ్వులు, శనగలు, ఆకుకూరలు పెట్టమన్నానయ్యా. గిన్నెని తినిపించమన్నానా?"

పెళ్లి మాట ఇక ఎత్తకూడదని నేను చెప్పులు వెతుక్కుంటున్నాను. మంచం మీంచి అత్త నీరసంగా పిలిచింది.

"ఆగరా," అని తాత వైపు తిరిగింది. "ఈడికి బుర్ర నేదని ముందే సెప్పేను. కానీ నా నొప్పి కోసం గిన్నె గోకినోడు ఈడొక్కడే. పిల్లనిత్తాను."

"మరి మోకాళ్లెలాగున్నాయే?" అన్నాడు తాత.

"ఏమో. పెరట్లోకి మీ అందరికన్నా ముందు సేరింది నేనే కదా."

పెళ్లిలో అత్త నాకు పెట్టిన లాంఛనం, కొత్తగా కళాయి పూయించిన ఆ ఇత్తడి గిన్నే. దాని మీద చెయ్యేసి, అగ్నిసాక్షిగా ప్రమాణం చేశాను: తుప్పు కార్ఖానాలోనే గోకుతాను, శనగలు నానబెట్టమంటే నానబెడతాను, సైన్సన్న మాట వంటింటి గడప దాటనివ్వను.