మామ సంచిలో పంచె

ఆదివారం పొద్దున ఏడు గంటలకు దంతెవాడ బస్టాండు దగ్గర జీపెక్కినాం. గుళ్ళు చూడాలని నాకు పెద్ద ఆశేం లేదు. నా తమ్ముణ్ణీ నా కొడుకునీ ఒక్క బండిలో కూర్చోబెట్టాలి, అంతే. వచ్చే నెలలో కొడుకు పెళ్ళి. మా ఇంట్లో పెళ్ళికొడుక్కి పంచె కట్టేది మేనమామ. ఆ చెయ్యి పడందే పిల్లగాడు పందిట్లో కూర్చోడు. తమ్ముడేమో రానన్నాడు.

కారణం ఇది. మా అమ్మ జగర్గుండాలో తమ్ముడి ఇంట్లో పోయింది. ఆ రోజుల్లో అటు దారి మంచిగ లేదు, అడవిలో తుపాకుల భయం. కిరందుల్‌లో పనిచేసే నా కొడుకు బయలుదేరి, భయపడి సగం దారి నుంచి తిరిగిపోయినాడు. మనవడు మోస్తాడని తమ్ముడు పొద్దుగూకేదాకా పాడె లేపనీయలేదు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

బారసూరు గుళ్ళు చూపిస్తానని కొడుకు జీపు మాట్లాడితే, నేను తమ్ముడికి కబురు పెట్టినా. ఇంకెవరు వస్తున్నారో చెప్పలేదు. లోపల కొడుకుని చూసి తమ్ముడు దిగబోయినాడు. సంచి పట్టుకుని లాగి కూర్చోబెట్టినా.

గైడు ఇక్కడివాడే. హిందీ, మధ్యలో ఇక్కడి హల్బీ భాష, నోరు ఆగదు. జంట వినాయకుల్ని చూపించినాడు, ముప్పై రెండు స్తంభాల గుడి చూపించినాడు. తమ్ముడు కుడిపక్క స్తంభాలు చూస్తే కొడుకు ఎడమపక్కవి చూసినాడు. గైడు చెప్పే రాజుల కథ ఒక్క ముక్క నా చెవిలో పడలేదు. ఇద్దరి మొహాలే చూస్తున్నా.

తర్వాత మామా-భాంజా గుడి. మేనమామా మేనల్లుడూ కలిసి ఒక్క రోజులో కట్టిన గుడంట. "కానీ ఆ వరస వాళ్ళు కలిసి లోపలికి పోరు. పోతే పగ పుడుతుందని ఇక్కడి నమ్మకం. మీలో ఉన్నారా ఎవరైనా?" అని నవ్వుతూ అడిగినాడు గైడు.

"ఉన్నారు," అన్నా. "పగ కూడా ఉంది. కొత్తగా పుట్టేదేం లేదు."

గైడు నవ్వు ఆగిపోయింది. తమ్ముడికి మాత్రం సందు దొరికింది.

"విన్నావా అక్కా, రాయే చెప్తాంది. నన్ను బస్సెక్కించు."

"రాయి చెప్పిందా, నువ్వు చెప్పించుకుంటున్నావా?"

"ఆయన్ని పోనీ అమ్మా," అన్నాడు కొడుకు మెట్ల కింద నుంచి. "నా గాలి తగిలితే పాడైపోతాడు."

"ఆయన ఏందిరా? మామ అను."

"అంటా. పలుకుతాడా?"

తమ్ముడు మొహం తిప్పుకుని జీపు వైపు నడిచినాడు. ఎవరమూ లోపలికి పోలేదు. తిరుగు దారిలో జీపులో గైడు కూడా నోరెత్తలేదు. దంతెవాడ వస్తే తమ్ముడు బస్సెక్కుతాడు. నా చేతిలో ఇంక ఆ ఊళ్ళోని దంతేశ్వరి గుడి ఒక్కటే మిగిలింది. అమ్మవారికి మొక్కి పోదువుగానీ అంటే తమ్ముడు కాదనలేకపోయినాడు.

ఆ గుళ్ళోకి మగవాళ్ళు ప్యాంటుతో పోకూడదు. నా కొడుకు ప్యాంటుతోనే వచ్చినాడు. వాకిట్లో లుంగీలు ఇస్తారని గైడు చెప్పినాడు.

"ఎవరో కట్టి విడిచినవి నేను కట్టను. మీరు పోయి రండి," అన్నాడు కొడుకు.

నాకు ఒళ్ళు మండింది. తిట్టబోతున్నా. తమ్ముడు సంచి విప్పి, ఉతికి మడిచిన పంచె తీసి కొడుకు మీదికి విసిరినాడు.

"ఇది నాది. దీనికి కూడా రోగముందా?"

కొడుకు పంచె అందుకున్నాడు. ప్యాంటు మీదే చుట్టుకున్నాడు. జారింది. మళ్ళీ చుట్టినాడు, మళ్ళీ జారింది. వాకిట్లో పోయేవాళ్ళు చూస్తున్నారు. తమ్ముడు కాసేపు చూసి, చూడలేక, దగ్గరికి పోయినాడు.

"చేతులు ఎత్తు."

ఎత్తినాడు. తమ్ముడు ప్యాంటు విప్పించి, నడుం చుట్టూ పంచె బిగించి, కుచ్చిళ్ళు దోపినాడు. కొడుకు తల వంచుకునే, "ఆ రోజు నాకు భయమైంది మామా," అన్నాడు.

"నాకు మాత్రం కాలేదా?" అన్నాడు తమ్ముడు. ముడి ఇంకొంచెం బిగించినాడు. "ఇది పాత బట్ట, నిలవదు. పందిట్లో కొత్తది గట్టిగ కడతా. ఇప్పుడు చేత్తో పట్టుకుని నడువు."

ముగ్గురం లోపలికి పోయినాం. నేను ఏం మొక్కుకున్నానో గుర్తు లేదు. కొడుకు పంచె జారుతదేమోననే నా చూపంతా.

మామ మేనల్లుడికి మొదటిసారి పంచె కట్టిన ఆ రోజు అక్కడున్నది నేను, నా తమ్ముడు, నా కొడుకు, వాకిట్లో మా చెప్పులూ ఆ ప్యాంటూ కాపలా కాసిన గైడు, జీపులో నిద్రపోయిన డ్రైవరు.